‘లవ్ మీ డూ’ ఎర్ర లేబుల్ రికార్డు: నా కాపీలో గజ్జెల మోత ఎందుకు వినిపిస్తోంది?

గడియారం చౌరస్తా (నల్లగొండ)
ఆదివారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. ఏళ్ల తరబడి అటక మీద పడి ఉన్న రికార్డు ప్లేయర్‌కు మొన్న మిర్యాలగూడలో మరమ్మతు చేయించాను. కొత్త బెల్టు, కొత్త సూది పడ్డాయి. మొదటి రోజంతా ఘంటసాల గారితోనే గడిచిపోయింది. రెండో రోజు, మా మేనల్లుడు లండన్ నుంచి తెచ్చి ఇచ్చిన చిన్న రికార్డు బయటికి తీశాను. ఇంతవరకు దాన్ని ఒక్కసారి కూడా తిప్పలేదు. ఇంగ్లండు పాటల బృందం బీటిల్స్ వారి ‘లవ్ మీ డూ’. పార్లోఫోన్ ఎర్ర లేబుల్, నంబరు ఆర్ 4949, వెనకవైపు ‘పీ.ఎస్. ఐ లవ్ యూ’.

చిక్కు ఇక్కడే వచ్చింది. 1962 నాటి మొదటి రికార్డులో డ్రమ్స్ వాయించింది రింగో స్టార్ అనీ, అందులో టాంబురిన్ ఉండదనీ ఎప్పుడో చదివి గుర్తు పెట్టుకున్నాను. నా దగ్గర ఉన్నదానిలో మాత్రం మొదటి వరుస నుంచి చివరిదాకా టాంబురిన్ మోగుతూనే ఉంది. భజనలో కంజీర అంచున ఉండే ఇత్తడి బిళ్లలు మోగినట్టు చాలా స్పష్టంగా వినిపిస్తోంది. దీపం ఆర్పేసి మూడుసార్లు విన్నాను. నా చెవి తప్పా, చదివినది తప్పా? తెలిసినవారు చెప్పాలి.

పాలమూరు శ్రోత (మహబూబ్‌నగర్)
ఆదివారం, రాత్రి 9:25

మీ చెవీ తప్పు కాదు, మీరు చదివినదీ తప్పు కాదు. ఈ పాట మీద ఇరవై ఏళ్లుగా నాకున్న పిచ్చి కొద్దీ కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ఒకే పాటను, ఒకే స్టూడియోలో, మూడు నెలల వ్యవధిలో, ముగ్గురు వేర్వేరు డ్రమ్మర్లతో మూడుసార్లు రికార్డు చేశారు. స్థలం లండన్‌లో అబ్బే రోడ్డులోని ఈఎంఐ అనే రికార్డు కంపెనీ స్టూడియో. మొదటిది 1962 జూన్ 6. అప్పటికి డ్రమ్మర్ పీట్ బెస్ట్. ఆగస్టులో అతన్ని తప్పించి రింగో స్టార్‌ను తీసుకున్నారు. రెండోది సెప్టెంబరు 4, రింగోతో. నిర్మాత జార్జ్ మార్టిన్ బృందానికి ఆ డ్రమ్స్ తృప్తినివ్వలేదు. వారం తిరిగేసరికి, సెప్టెంబరు 11న, ఆండీ వైట్ అనే స్టూడియో డ్రమ్మర్‌ను పిలిపించారు. గ్లాస్గోలో పుట్టినవాడు, చేయి తిరిగినవాడు. బృందంలో చేరి నెల కూడా నిండని రింగో చేతికి టాంబురిన్ ఇచ్చి పక్కన నిలబెట్టారు. ఆ రోజే ‘పీ.ఎస్. ఐ లవ్ యూ’ కూడా రికార్డయింది. అందులో రింగోకు దక్కినవి మరకాస్, అంటే మన గిలకల లాంటివి.

టాంబురిన్ వినిపిస్తే ఆండీ వైట్. వినిపించకపోతే రింగో. ఇంతకన్నా తేలికైన గుర్తు లేదు.

విచిత్రం ఏమిటంటే, అంత శ్రమపడి మూడోసారి రికార్డు చేసినా, 1962 అక్టోబరు 5న విడుదలైన ఎర్ర లేబుల్ రికార్డు మీదికి వెళ్లింది రెండోదే, అంటే రింగో వాయించినదే. ఆండీ వైట్ వాయించినది 1963 మార్చి 22న వచ్చిన ‘ప్లీజ్ ప్లీజ్ మీ’ ఆల్బమ్‌లోకి వెళ్లింది. ఆ ఏడాదిలోనే చిన్న రికార్డు ముద్రణకు కూడా ఆండీ వైట్‌దే వాడటం మొదలుపెట్టారు. 1964లో అమెరికాలో టాలీ లేబుల్ మీద వచ్చి, మే 30న మొదటి స్థానానికి చేరినది కూడా ఆండీ వైట్‌దే. బ్రిటన్‌లో మొదటిసారి విడుదలైనప్పుడు ఆ పాట 17వ స్థానం దాటలేదు.

మరి మీ ఎర్ర లేబుల్ మీద టాంబురిన్ ఎందుకుంది? నాకొక అనుమానం ఉంది కానీ, ముందు ఒక్క మాట చెప్పండి. మీ మేనల్లుడు దాన్ని పాత వస్తువుల దుకాణంలో కొన్నాడా, కొత్తదిగా కొన్నాడా? ఏ సంవత్సరంలో?

దరువు (దేవరకొండ)
ఆదివారం, రాత్రి 10:05

పెళ్లిళ్లలోనూ ఊరేగింపుల్లోనూ ఇరవై రెండేళ్లుగా డప్పూ డ్రమ్సూ వాయిస్తున్నాను. వాయించేవాడి చెవితో ఒక మాట చెబుతాను.

మూడూ వరుసగా విన్నాను. పీట్ బెస్ట్ వాయించినది 1995లో ‘ఆంథాలజీ 1’లో బయటికి వచ్చింది కదా, నడక కొంచెం నెమ్మది. మధ్యలో చరణం లాంటి భాగం వచ్చేసరికి అతను ఉన్నట్టుండి దరువు మార్చేస్తాడు. పాట మరో దారి పట్టినట్టు ఉంటుంది. తిరిగి పల్లవికి వచ్చేటప్పుడు కుదుపు తెలుస్తుంది. వేదిక మీద అయితే అది అందమే. జనం ఆడుతున్నప్పుడు దరువు మారిస్తే కాళ్లలోకి కొత్త ఊపు వస్తుంది. మూడు నిమిషాల్లోపు ముగించాల్సిన రికార్డులో మాత్రం పాట నడుం విరిగినట్టు అవుతుంది. అతను చేతకాక చేశాడని నేను అనను. రాత్రుళ్లు గంటల కొద్దీ జనాన్ని ఆడించినవాడి చేయి అది.

రింగోది వేరు. దెబ్బ కొంచెం బరువుగా, కొంచెం వెనక్కి వాలి పడుతుంది. నాకు అదే నచ్చింది. ఆండీ వైట్ కొలిచి పోసినట్టు వాయించాడు, ఎక్కడా తొణకలేదు. ఒక తప్పు కూడా పట్టుకోలేం. అయినా అతనిలో భయం లేదు, రింగోలో ఉంది. కొత్తగా చేరిన చోట, పెద్దల ముందు, తొలిసారి వాయించేవాడి చేయి అది. ఆ బిగువు పాటకు సరిపోయింది. ప్రేమించమని అడిగే పాట కదా, బెదురు ఉండాలి.

పాలమూరు శ్రోత (మహబూబ్‌నగర్)
ఆదివారం, రాత్రి 10:30

దరువు గారు, బెదురు గురించి భలే పట్టుకున్నారు. అది డ్రమ్స్‌లోనే కాదు, గొంతులోనూ ఉంది. అంతకు ముందు పల్లవి చివరి మాటలు జాన్ లెనన్ పాడేవాడు. కానీ అతనే మౌత్ ఆర్గాన్ కూడా ఊదాలి. ‘డూ’ అనే మాట పూర్తి కాకముందే ఊదడం మొదలుపెట్టాల్సి రావడంతో, స్టూడియోలో అప్పటికప్పుడు ఆ మాటలు పాల్ మెకార్ట్నీకి అప్పగించారు. వాద్యాలన్నీ ఒక్క క్షణం ఆగిపోయి, అతని గొంతు ఒక్కటే వినిపించే చోటు అది. తన గొంతులోని వణుకు తనకు ఇప్పటికీ వినిపిస్తుందని పాల్ తర్వాత చెప్పుకున్నాడు.

సాగర్ హిల్ కాలనీ (నాగార్జునసాగర్)
సోమవారం, ఉదయం 6:15

మీ చర్చ రాత్రే చూశాను. నిద్ర పట్టలేదు.

మా నాన్నగారు సాగర్ ఆనకట్ట పనుల్లో ఉండేవారు. క్వార్టర్‌లో ఒక పెద్ద వాల్వు రేడియో. షార్ట్‌వేవ్‌లో ఇంగ్లిష్ పాటలు వచ్చే వేళకు మా అన్నయ్య దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. ఈ పాట నేను మొదట అక్కడే విన్నాను. మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. ఆ మౌత్ ఆర్గాన్ మాత్రం పట్టేసుకుంది. పగలంతా రాళ్లు కొట్టే చప్పుడు, బండ్ల చప్పుడు వినివిని అలసిన చెవులకు, ఆ ఈలలాంటి ధ్వని కృష్ణ మీది గాలిలా ఉండేది.

నేను విన్నదానిలో గజ్జెల మోత ఉంది. అంటే అప్పటికే ఆల్బమ్‌లోనిది ప్రచారంలోకి వచ్చేసిందన్నమాట. అందుకే నాకు అసలు పాట అంటే అదే. ముందు వచ్చినదే అసలుదని పుస్తకాలు చెప్పవచ్చు. నేను పదేళ్ల వయసులో విన్నదాన్ని కాదని ఇప్పుడు ఇంకొకదాన్ని అసలుదని ఒప్పుకోలేను.

గద్వాల రాగం (గద్వాల)
సోమవారం, ఉదయం 9:50

నేను శబ్దం పని చేసేవాడిని, రికార్డింగులు శుభ్రం చేయడం నా వృత్తి. ఒక సూటి ప్రశ్న. 2023 నవంబరులో బీటిల్స్ పాట ‘నౌ అండ్ దెన్’ రికార్డుగా వచ్చినప్పుడు, దాని రెండోవైపు ‘లవ్ మీ డూ’ను కొత్త స్టీరియో మిక్సింగ్‌తో ఇచ్చారు. అది రింగో వాయించినదే. ఇంత స్పష్టమైనది చేతిలో ఉండగా పాత గీతల రికార్డుల కోసం వెతుకులాట ఎందుకు?

ఆ పని ఎంత కష్టమో తెలియాలి. ఈ పాటకు మిగిలింది ఏకధ్వని, అంటే మోనో. గొంతు, గిటార్, డ్రమ్స్ అన్నీ ఒకే తాడులో పేనినట్టు కలిసిపోయి ఉంటాయి. పాత రోజుల్లో స్టీరియో ఆల్బమ్ కోసం చేసిన ఉపాయం, ఒకవైపు స్పీకర్‌లో మంద్ర ధ్వని ఎక్కువ, రెండోవైపు తార ధ్వని ఎక్కువ వచ్చేలా విడదీయడం. అది ఉత్త కనికట్టు, హెడ్‌ఫోన్‌లో వింటే తల ఒకవైపు బరువెక్కినట్టు ఉంటుంది. ఇప్పుడు కంప్యూటర్‌కు ఒక్కొక్క వాద్యం గొంతును గుర్తుపట్టడం నేర్పించి, పేనిన తాడులోంచి పోగులను ఒక్కొక్కటిగా విడదీస్తున్నారు. వినండి, రింగో డ్రమ్స్ మొదటిసారి విడిగా నిలబడ్డాయి.

మిర్యాల లక్క రికార్డు (మిర్యాలగూడ)
సోమవారం, మధ్యాహ్నం 1:20

గద్వాల రాగం గారు, మీ పనిమీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ పోగులు ఏ తాడులోంచి వచ్చాయో చెప్పకుండా వదిలేశారు. మొత్తం చర్చలో ముఖ్యమైన సంగతి అదే.

సెప్టెంబరు 4 నాటి రికార్డింగ్ అసలు టేపు లేదు. రింగో వాయించినదాని మాస్టర్ టేపును ఈఎంఐ వారు 1960ల తొలిరోజుల్లోనే చెరిపేశారు. ఆల్బమ్‌లోది ఉంది కదా, ఇది ఇక ఎందుకు అనుకుని ఉంటారు. 1980లో అమెరికాలో ‘రేరిటీస్’ ఆల్బమ్ కోసం అది కావలసి వచ్చినప్పుడు, ఎవరో కొని దాచుకున్న రికార్డును తిప్పి, దాని నుంచి ఎక్కించుకోవలసి వచ్చింది. 1988లో వచ్చిన ‘పాస్ట్ మాస్టర్స్’ సీడీకి కూడా ఆధారం అలాంటి రికార్డే. కోట్ల రూపాయల సంస్థ పోగొట్టుకున్నదాన్ని, దుకాణంలో కొన్ని షిల్లింగులు పెట్టి కొనుక్కున్న మామూలు శ్రోతలు నిలబెట్టారు.

పీట్ బెస్ట్ వాయించినదీ అంతే. టేపు పోయిందనుకున్న తర్వాత, ఒక అసిటేట్ డిస్కు, అంటే విని చూడటానికి విడిగా కోసిన రికార్డు, దొరకబట్టే 1995లో మనం వినగలిగాం.

గీతల రికార్డుల కోసం వెతుకులాట ఎందుకని అడిగారు. ఆ గీతల రికార్డు లేకపోతే మీ కంప్యూటర్ విడదీయడానికి ఏమీ ఉండేది కాదు.

ఇంకొక సంగతి. బీటిల్స్ పాటలు మన దేశంలో 78 వేగం లక్క రికార్డులుగా కూడా వచ్చాయి. మిగతా లోకం ప్లాస్టిక్‌కు మారిపోయినా, కీ ఇచ్చి తిప్పే గ్రామఫోన్లు మన ఇళ్లలో ఇంకా ఉండేవి కాబట్టి, కలకత్తా దగ్గర డమ్‌డమ్ కర్మాగారంలో లక్క రికార్డులు ముద్రించారు. ఇప్పుడు విదేశీ సేకర్తలు వాటికోసం పడిగాపులు పడుతున్నారు. మీ ఊళ్లలో పాత ఇళ్లు విప్పుతున్నప్పుడు చెక్కపెట్టెలు కనబడితే, తూకానికి వేసేముందు దయచేసి ఒక్కసారి లేబుళ్లు చదవండి.

సూర్యాపేట టీచరమ్మ (సూర్యాపేట)
సోమవారం, సాయంత్రం 5:45

బీటిల్స్ గురించి నాకు పెద్దగా తెలియదు. ఏది అసలు పాట అనే ప్రశ్న మాత్రం మా ప్రాంతంలో ఎప్పటినుంచో ఉంది. ‘బండెనక బండి కట్టి’నే తీసుకోండి. సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాట. గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’లో గద్దర్ గొంతెత్తి పాడాక రాష్ట్రమంతా పాకింది. ఎవరిని అడిగినా ఇప్పుడు ఆ సినిమాలోని పాటే చెబుతారు.

మా నాయనమ్మ పాడితే వేరుగా ఉండేది. వరుసలు ముందువెనకలుగా వచ్చేవి, కొన్ని మాటలు సినిమాలో లేనివి. దరువు కూడా లేదు, కలుపు తీస్తూ పాడే ఊపు ఒక్కటే. దాన్ని ఎవరూ రికార్డు చేయలేదు. మీరు మూడింటిని పక్కపక్కన పెట్టి పోల్చుకుంటున్నారు. పోల్చుకోవడానికి మీకు మూడూ మిగిలాయి.

గద్వాల రాగం (గద్వాల)
సోమవారం, రాత్రి 7:30

టీచరమ్మ గారు, మీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీ ఇంట్లో పెద్దలెవరికైనా ఆ వరుసలు గుర్తుంటే ఫోనులోనే రికార్డు చేసి పంపండి. ఎంత రొద ఉన్నా శుభ్రం చేసి ఇచ్చే పూచీ నాది.

లక్క రికార్డు గారు, ఒప్పుకుంటున్నాను. 2010లో ‘మాయాబజార్’కు రంగులు వేసి, శబ్దాన్ని డీటీఎస్‌లోకి మార్చినప్పుడు నేను సంబరపడ్డవాడిని. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ నలుపు తెలుపుల్లో పట్టిన వెన్నెల పక్కన పెట్టి చూసినప్పుడే, కొత్తది పాతదానికి బదులు కాదని తెలిసింది. 2023 మిక్సింగ్‌నూ అలాగే చూడాలి. పక్కన ఉండాలి, పాతదాన్ని తోసేయకూడదు.

గడియారం చౌరస్తా (నల్లగొండ)
సోమవారం, రాత్రి 9:10

మేనల్లుడితో ఇప్పుడే మాట్లాడాను. పాత వస్తువుల దుకాణం కాదట. 2012 అక్టోబరులో, పాటకు యాభై ఏళ్లు నిండిన సందర్భంగా పాత లేబుల్‌ను అచ్చంగా దించి కొత్తగా ముద్రించిన రికార్డట. దుకాణంలోకి రాగానే నాకోసం కొన్నాడట. ఆ తర్వాత రెండు రోజులకు వెళితే అరల్లో ఒక్కటి కూడా లేదట. అమ్ముడుపోయాయి కాబోలు అనుకున్నాడు.

పాలమూరు శ్రోత (మహబూబ్‌నగర్)
సోమవారం, రాత్రి 9:18

నా అనుమానం నిజమైంది! అమ్ముడుపోలేదు సార్, వెనక్కి తీసుకున్నారు.

1962 నాటి రికార్డును ఉన్నది ఉన్నట్టుగా మళ్లీ ఇస్తున్నామని చెప్పి, ముద్రించేటప్పుడు పొరపాటున ఆండీ వైట్‌ది ఎక్కించారు. లేబుల్ రింగోది, పాట ఆండీ వైట్‌ది. సంగతి తెలిసి ఆ కాపీలను ఉపసంహరించుకుని, రింగోతో మళ్లీ ముద్రించారు. అప్పటికే చేతులు మారిన కొద్ది కాపీల్లో మీది ఒకటి. యాభై ఏళ్ల కిందట ఏ రెండింటి మధ్య తికమక పడ్డారో, యాభై ఏళ్ల తర్వాత మళ్లీ ఆ రెండింటి మధ్యే పడ్డారు. దాన్ని జాగ్రత్తగా దాచుకోండి. లేబుల్ రంగు చూసి రికార్డు కొనకూడదని నేను అందరికీ చెప్పేది ఇందుకే. చెవి పెట్టి వినాలి.

గడియారం చౌరస్తా (నల్లగొండ)
సోమవారం, రాత్రి 9:40

నా చెవి మీద నాకు మళ్లీ నమ్మకం కలిగించారు, కృతజ్ఞతలు.

రింగోను పక్కన నిలబెట్టి టాంబురిన్ ఇచ్చిన సంగతి చదువుతుంటే నాకు ‘మిస్సమ్మ’ గుర్తుకు వస్తోంది. మొదట భానుమతి గారితో కొన్ని రీళ్లు తీశారు. ఆమె తప్పుకున్నాక సావిత్రి గారిని తీసుకుని మళ్లీ తీశారు. సావిత్రి గారిని చూశాక ఇంకొకరిని ఊహించలేం, నిజమే. అయినా ఆ రీళ్లు ఒక్కసారి చూడగలిగితే ఎంత బాగుండేదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. అందుకే పీట్ బెస్ట్ వాయించినది ఎంత కుదుపుగా ఉన్నా నేను తీసిపారేయను. తప్పించిన మనిషి చేతి చప్పుడు మిగలడం చిన్న విషయం కాదు.

పాలమూరు శ్రోత గారు, రింగోది నేను ఇంకా సూది కింద వినలేదు. మార్గం ఉందా?

పాలమూరు శ్రోత (మహబూబ్‌నగర్)
సోమవారం, రాత్రి 9:55

1982లో ఇరవై ఏళ్ల సందర్భంగా వచ్చిన 12 అంగుళాల రికార్డు నా దగ్గర ఉంది. అందులో రెండూ ఉన్నాయి. ఆ ఏడాదే ఈ పాట బ్రిటన్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది. వచ్చే ఆదివారం నల్లగొండ వస్తున్నాను, పట్టుకొస్తాను. దరువు గారిని కూడా పిలవండి.

దరువు (దేవరకొండ)
మంగళవారం, ఉదయం 7:05

తప్పకుండా వస్తాను. మధ్యాహ్నం ఒక ఊరేగింపు ఉంది, అది ముగించుకుని నాలుగు గంటలకల్లా చేరుకుంటాను.

గడియారం చౌరస్తా (నల్లగొండ)
ఆదివారం, రాత్రి 10:20

ఈ సాయంత్రం మా ఇంట్లో ఐదుగురం కూర్చున్నాం. పాలమూరు శ్రోత గారు ఏది పెడుతున్నారో చెప్పకుండా ఒక్కొక్కటి రెండేసిసార్లు వేశారు. ఆయన గొంతు సవరించుకున్నప్పుడల్లా రింగోది వస్తోందని దరువు గారు కనిపెట్టేశారు, అందుకని మూడోసారి మా అబ్బాయి చేత వేయించాం.

మా అమ్మకు ఎనభై నాలుగేళ్లు. ఆ భాష తెలియదు, ఆ పేర్లు తెలియవు. వంటింటి గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతూ విన్నది. టాంబురిన్ ఉన్నది వచ్చినప్పుడు, “ఇది బతుకమ్మ చుట్టూ అందరూ తిరుగుతూ చప్పట్లు కొట్టినట్టు ఉంది” అన్నది. రింగోది వచ్చినప్పుడు చేతిలో చేట ఆపి, “ఇందులో చప్పట్లు లేవు. ఒక్కడే కొడుతున్నాడు, పాపం” అన్నది.

దరువు గారు లేచి ఆమె పాదాలకు నమస్కరించారు. తర్వాత సూదిని మళ్లీ మొదటికి పెట్టి, ఆమె కోసం రింగోది ఇంకొకసారి వేశాం.

12 అంగుళాల రికార్డు ఈ వారమంతా మా ఇంట్లోనే ఉంటుంది. సాగర్ హిల్ కాలనీ గారు, వీలైతే రండి. మీరు పదేళ్ల వయసులో విన్నదే ముందు వేస్తాను.